మందార మొక్కలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు చుట్టుకున్న ఆకు విప్పి చూడండి

ఎవరి దగ్గర కొన్నానో పేరు రాయను. మొక్కలమ్మే వీడియోలు చూసేవాళ్ళకి ఈపాటికి అర్థమై ఉంటుంది. నాలుగు మందారాలు తెప్పించాను. పెట్టె విప్పేసరికి రెండింటికి ఆకులు గరాటులా చుట్టుకుని ఉన్నాయి. ఫోటో పెట్టి అడిగితే, "దారిలో ఎండ తగిలి ఆకుముడత వచ్చింది మేడం, ఈ మందు కొట్టండి" అని ఒక సీసా కూడా అంటగట్టాడు. మూడుసార్లు కొట్టాను. చుట్టలు పెరిగాయే తప్ప తగ్గలేదు.

నిన్న సాయంత్రం విసుగొచ్చి ఒక చుట్ట విప్పాను. ఆకు అంచులు సన్నటి పట్టుదారాలతో కుట్టేసినట్టున్నాయి. లోపల రెండున్నర సెంటీమీటర్ల గొంగళి పురుగు. తిన్న పసరు కనిపించేంత పల్చటి ఆకుపచ్చ ఒళ్ళు, నల్లటి తల. వేలు తగలగానే గిలగిల కొట్టుకుంటూ వెనక్కి పాకి, దారం పట్టుకుని కిందికి జారింది. చుట్ట నిండా నల్లటి పెంట, గసగసాల్లా. ఇది ఆకుచుట్టు పురుగు. బెండ, పత్తి, మందార అన్నీ ఒకే కుటుంబం కాబట్టి మూడింటినీ తింటుంది. పక్కనే ఉన్న నా బెండ మొక్కల ఆకులు అప్పటికే ఈనెలు తేలాయి.

ఆయన అమ్మిన మందు ఇమిడాక్లోప్రిడ్. తెల్లదోమ, పేనుబంక లాంటి రసం పీల్చేవాటికి వాడేది. సీసా మీదే రాసుంది. చదవకుండా కొట్టడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

కానీ పురుగు ఫోటో పంపితే ఆయన ఏమన్నాడో చూడండి. "మా మొక్కలకి పురుగుండదు. పెంచడం రానివాళ్ళు ప్లాస్టిక్ పూలు పెట్టుకోండి." అంతే, బ్లాక్ చేశాడు. ఒళ్ళు మండిపోయింది. మొదటి రోజు నేను పంపిన ఫోటోనే తీసి పెద్దది చేసి చూశాను. చుట్ట మూతి దగ్గర ఆ నల్లటి గింజలు, దారాలు అందులోనే స్పష్టంగా ఉన్నాయి. రోజూ మొక్కలతో బతికే మనిషికి అది కనపడలేదంటే నేను నమ్మను. కనపడే, మొక్కతో పాటు మందు కూడా అమ్ముకున్నాడు.

ఇంకొకరు మోసపోకూడదని రాస్తున్నాను. తామర పురుగు, నల్లి వల్ల వచ్చే ముడతలో దారాలతో కుట్టిన గూడు, లోపల పెంట ఉండవు. అవి ఉంటే గొంగళి పురుగే. నాలుగైదు మొక్కలకి మందు కూడా అక్కర్లేదు, చుట్టలు తెంపి పురుగుని నలిపేయండి. రాలిన ఎండు చుట్టలు కూడా ఏరేయాలి, ప్యూపా (పురుగు రెక్కల పురుగుగా మారే ముందు దశ) వాటిలోనూ ఉంటుంది. ఎక్కువ మొక్కలుంటే బీటీ కుర్‌స్టాకీ అనే బాక్టీరియా మందు పనిచేస్తుంది, కానీ పురుగు దాన్ని తినాలి. అందుకే పురుగులు చిన్నగా ఉన్నప్పుడే, ఆకుల అడుగు కూడా తడిసేలా కొట్టాలి. ఎండకి దాని బలం పోతుంది కాబట్టి సాయంత్రమే కొట్టండి. కొత్త మొక్కని కొన్నాళ్ళు మిగతావాటికి దూరంగా ఉంచండి. నేను తెచ్చిన రోజే బెండ పక్కన పెట్టేశాను.

పొద్దున్నుంచి కూర్చుని 23 చుట్టలు తెంపాను. పై కొమ్మలవి ఇంకా మిగిలే ఉన్నాయి.