కొండ మీద సోలార్ ఇల్లు: ఈ కొటేషన్లతో జాగ్రత్త

అనంతగిరి కొండల దగ్గర, కరెంటు స్తంభం చేరని మా స్థలంలో చిన్న ఇల్లు కట్టే పనిని హైదరాబాద్‌లోని ఒక డిజైన్ సంస్థకు అప్పగించాం. త్రీడీ బొమ్మలు చూస్తే కళ్లు చెదురుతాయి. సోలార్ గురించి మాత్రం కొటేషన్‌లో ఉన్నది ఒకటే వరుస: "5 కిలోవాట్ల సిస్టమ్, ఇన్వర్టర్‌తో సహా".

ప్యానెళ్లు బిగించారు. ఎండ మండిపోతున్నా ఇంట్లో ఒక్క బల్బూ వెలగలేదు. ఫోన్ చేస్తే "లైను వచ్చాక అంతా సర్దుకుంటుంది" అన్నారు. లైను రాదనే కదా ఈ ఖర్చంతా! చివరకు వికారాబాద్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఇన్వర్టర్ పక్కనున్న స్టిక్కర్ దుమ్ము తుడిచి చదివాడు. అది ఆన్‌గ్రిడ్ రకం, అంటే కరెంటు లైనుకు (గ్రిడ్‌కు) కలిపి వాడేది. లైన్లో కరెంటు లేకపోతే దానంతటదే ఆగిపోతుంది. స్తంభమెక్కే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. నగరంలో మేడ మీదికి మంచిదే, కొండ మీద దండగ.

మార్చమంటే కొత్త ఇన్వర్టర్‌కూ బ్యాటరీలకూ వేరే బిల్లు పంపారు. అందులో 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు. ఒక్కొక్కటి 1.8 యూనిట్లు, మొత్తం 7.2. సగానికి మించి వాడితే అవి త్వరగా పాడవుతాయి కాబట్టి చేతికొచ్చేది 3.6 యూనిట్లే. బొమ్మల్లో చూపించిన రెండు ఏసీలు వేస్తే అర్ధరాత్రి దాటదు. పైగా అనంతగిరి అందమంతా వానాకాలంలోనే, ప్యానెళ్ల రాబడి పడిపోయేదీ అప్పుడే. మబ్బు రోజుల లెక్క డిజైన్‌లో ఎక్కడా లేదు.

78,000 రూపాయల రాయితీ వస్తుందని ధర కూడా తగ్గించి చూపారు. ఇంటి మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే ఈ పీఎం సూర్యఘర్ రాయితీ గ్రిడ్‌కు కలిపిన ఇళ్లకే ఇస్తారు. లైనే లేని ఇంటికి పైసా రాదు.

ఇదే సంస్థ ఇప్పుడు లంబసింగిలో స్థలాలు చూపిస్తోంది. అది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడ గిరిజనేతరుల పేరిట భూమి బదిలీ చెల్లదు. ఆ మాటెత్తితే "లీజు రాయిద్దాం" అంటున్నారు. ఆ చట్టంలో లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది.

ఇంకా అడ్వాన్సు ఇవ్వనివారు ఇన్వర్టర్ మోడల్, బ్యాటరీ రకం, రోజుకు ఎన్ని యూనిట్ల వాడకానికి డిజైన్ చేశారో కొటేషన్‌లోనే రాయించుకోండి. నసిగితే అక్కడే ఆగిపోండి. మేం వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తున్నాం. ఇలాగే ఇరుక్కున్నవారు ఉంటే బిల్లులు, ఇన్వర్టర్ స్టిక్కర్ ఫోటోలు దాచి ఉంచండి.