20 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఔట్‌బోర్డ్: నడపడానికి హాయి, మూత తీస్తే చికాకు

చిన్న మోటారు బోటుకి ఏ ఇంజిన్ కొనాలి అని అడిగేవాళ్లు మొదట అడిగేది స్పీడు గురించే. ఈ 20 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక పలకకి బయట తగిలించే ఇంజిన్) స్పీడు గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, సరిపోతుంది, అంతే. పద్నాలుగు అడుగుల అల్యూమినియం బోటులో ఇద్దరు కూర్చుంటే ముక్కు దించుకుని హాయిగా ప్లేన్ మీదికి (నీటిని చీల్చకుండా నీటి పైన జారుతూ పోయే స్థితికి) వచ్చేస్తుంది, నలుగురు ఎక్కి సామాను కూడా పడేస్తే కొంచెం బతిమాలుకోవాలి. అసలు చెప్పాల్సిందంతా మూత కింద ఉంది. చూసుకోవడం కష్టంగా ఉండే భాగాన్ని ఎవరూ చూడరు, ఎవరూ చూడని భాగమే నడినీళ్లలో మొరాయిస్తుంది. అందుకే ఈ రివ్యూలో మార్కులన్నీ చెయ్యి ఎక్కడిదాకా పోతుంది అన్నదాని మీదే వేస్తున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ సైజు ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లు దాదాపు ఒకే పోలికలో ఉంటాయి, కింద రాసిన మంచీ చెడూ కొంచెం అటూ ఇటూగా అన్నింటిలోనూ కనిపిస్తాయి.

ముందు మంచి. రెండు సిలిండర్ల ఇంజిన్, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కాబట్టి పాత కార్బ్యురేటర్ ఇంజిన్లలా చోక్ లాగి, మళ్లీ తోసి, తిట్టుకుంటూ తాడు గుంజాల్సిన పని లేదు, బ్యాటరీ లేకుండానే ఒకటి రెండు లాగులకి అంటుకుంటుంది. మెల్లగా పోతున్నప్పుడు పక్కవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. గేరులో ఉంటే స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు ఉంది, ఇది చిన్న విషయం కాదు, తాడు లాగడానికి నిలబడ్డ మనిషి కింద బోటు ఒక్కసారిగా ముందుకి దూకితే నేరుగా నీళ్లలోకే.

ఇక కిల్ స్విచ్, అంటే నడిపేవాడు పడిపోతే ఇంజిన్‌ని ఆపేసే స్విచ్. ఎర్ర రంగు చుట్టల తాడు, ఒక చివర ప్లాస్టిక్ క్లిప్పు ఇంజిన్ బటన్ కింద, రెండో చివర నడిపే మనిషికి. దీన్ని అలంకారంలా వేలాడదీసి వదిలేసేవాళ్లే ఎక్కువ. టిల్లర్ పిడి (చేత్తో పట్టుకుని ఇంజిన్‌ని అటూ ఇటూ తిప్పే పిడి) ఉన్న ఇంజిన్లో యాక్సిలరేటర్ బిగుతు చూసే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, చెయ్యి నొప్పి పుట్టకూడదని చాలామంది దాన్ని గట్టిగా బిగించేస్తారు, దాంతో చెయ్యి వదిలినా స్పీడు తగ్గదు. ఆ స్థితిలో నడిపేవాడు అలకి ఎగిరి బయటపడితే ఖాళీ బోటు తిన్నగా పోదు. ప్రొపెల్లర్ తిప్పుడుకి ఇంజిన్ ఒక పక్కకి లాగేసుకుంటుంది, బోటు గుండ్రంగా తిరిగి తిరిగి పడ్డ మనిషి మీదికే వస్తుంది. అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి 26 అడుగుల లోపు చాలా బోట్లలో ప్లేన్ మీద పోయేటప్పుడు ఈ తాడుగానీ, వైర్‌లెస్ పరికరంగానీ తగిలించుకోవడం చట్టప్రకారం తప్పనిసరి చేసింది ఇందుకే. చట్టం లేని చోట కూడా నీళ్లు అవే, ప్రొపెల్లర్ అదే.

ఇక్కడ ఈ ఇంజిన్‌తో నాకున్న పేచీలు రెండు. ఒకటి, తాడు మణికట్టుకి వేసుకునేలా ఇచ్చారు, తడి చేతి మీంచి ఆ ఉచ్చు జారిపోతుంది, లైఫ్ జాకెట్‌కి ఉన్న గట్టి రింగుకో తొడ చుట్టూనో తగిలించుకోవడమే మేలు. రెండోది, పెట్టెలో క్లిప్పు ఒక్కటే వస్తుంది. ఆలోచించండి, నడిపేవాడు నీళ్లలో పడ్డాడు, క్లిప్పు కూడా అతనితోనే పోయింది, బోటులో మిగిలినవాళ్లు ఇంజిన్ స్టార్ట్ చేసి అతని దగ్గరికి ఎలా వస్తారు? ఇంకో క్లిప్పు విడిగా కొని బోటులో అందరికీ కనపడే చోట కట్టి ఉంచాల్సిందే, ఎక్కిన ప్రతివాళ్లకీ అది ఎక్కడుందో, ఎలా పెట్టాలో ఒకసారి చూపించాల్సిందే. తాడు లాగితే ఇంజిన్ నిజంగా ఆగుతుందా అని బయల్దేరే ముందు ప్రతిసారీ చూసుకోండి, ఉప్పు నీళ్లలో తిరిగే బోట్లలో ఈ స్విచ్ లోపల తుప్పు పట్టి పని చెయ్యకపోవడం కొత్తేమీ కాదు. పడ్డ మనిషిని ఎక్కించుకునేటప్పుడు కూడా న్యూట్రల్ చాలదు, ఇంజిన్ పూర్తిగా ఆపేయాలి. టిల్లర్ పిడి మీదే గేర్ ఉన్న మోడళ్లలో మోచెయ్యి తగిలితే చాలు, గేరు పడిపోతుంది.

చల్లబరిచే నీళ్ల సంగతి. ఇంజిన్ నడుస్తుంటే వెనక నుంచి సన్నటి ధార ఒకటి చిమ్ముతుంది చూడండి, స్టార్ట్ చేసిన కొన్ని క్షణాల్లో అది కనపడాలి, కనపడలేదంటే వెంటనే ఆపాలి. చాలాసార్లు తప్పు పంపుది కాదు, ఆ చిన్న రంధ్రంలో ఇసుకో పురుగుల గూడో చేరుతుంది, సన్నటి తీగతో పొడిస్తే పోతుంది. పోకపోతే ఇంపెల్లర్ మీద అనుమానపడాలి. అది పంపులో ఉండే రబ్బరు రెక్కల చక్రం, నీళ్లలో తడుస్తూ తిరగడానికే చేసింది, నీళ్లు లేకుండా ఇంజిన్‌ని కాసేపు నడిపినా రెక్కలు మాడిపోతాయి. 'ఒక్కసారి స్టార్ట్ అవుతుందో లేదో చూద్దాం' అని ఒడ్డు మీద లాగి చూసే అలవాటు ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. రెండు మూడేళ్లకోసారి దాన్ని మార్చేయడం మంచిది, ఎక్కువ ఇసుక, బురద నీళ్లలో తిరిగితే ఇంకా ముందే. మార్చాలంటే కింది గేర్ భాగం మొత్తం బోల్టులు విప్పి దించాలి, గేర్ రాడ్ విడదీయాలి, మళ్లీ ఎక్కించేటప్పుడు ఆ రాడ్ కలిసేదాకా ఓపిక పరీక్షే. మొదటిసారి ఎవరైనా తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

ఉప్పు నీళ్లలో తిరిగి వస్తే మంచినీళ్లతో లోపల కడగాలి, ఇది మాన్యువల్ కూడా గట్టిగానే చెబుతుంది. కానీ ఎలా కడగాలి అన్న దగ్గరే తిరకాసు. ఈ చిన్న ఇంజిన్లలో కొన్నింటికి నీళ్లు పీల్చే రంధ్రాలు ప్రొపెల్లర్ పైనున్న అడ్డ పలక అడుగున ఉంటాయి, కాబట్టి పెద్ద ఇంజిన్లకి ఇరువైపులా తగిలించే రబ్బరు చెవులు వీటికి సరిగ్గా కూర్చోవు. పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి ఇంజిన్ కాలు ముంచి న్యూట్రల్లో పది పదిహేను నిమిషాలు నడపడం ఒక మార్గం. పైపు తగిలించే ఫ్లష్ రంధ్రం కూడా ఇచ్చారు, సంతోషం, అయితే చాలా మోడళ్లలో దాని ద్వారా కడిగేటప్పుడు ఇంజిన్ నడపకూడదు, ఆ మాట మాన్యువల్లో ఎక్కడో మధ్య పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంత ముఖ్యమైన ముక్కని మూత మీద స్టిక్కర్‌గా వేస్తే వీళ్ల సొమ్మేం పోయింది?

ఇంజిన్ ఆయిల్ మొదటిసారి 20 గంటలు నడిచాక, ఆ తర్వాత 100 గంటలకో ఏడాదికో, ఏది ముందైతే అది, ఈ సైజు ఇంజిన్లలో మామూలుగా ఉండే లెక్క ఇదే. పట్టేది లీటరు చుట్టుపక్కల, అదేం పెద్ద పని కాదు. చికాకంతా ఫిల్టర్‌తో. దాన్ని విప్పగానే మిగిలిన ఆయిల్ నేరుగా కింది పళ్లెంలోకి, అక్కడ్నుంచి ఇంజిన్ కాలు మీదుగా జారుతుంది. కింద గుడ్డలు కుక్కి విప్పాలి, బోటు నీటి మీద ఉండగా ఈ పని అసలు పెట్టుకోకూడదు, ఒక్క చెంచాడు ఆయిల్ నీటి మీద ఎంత దూరం రంగులు పరుస్తుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. డిజైన్ చేసినవాళ్లు ఫిల్టర్‌ని నాలుగు వేళ్లు పక్కకి జరిపి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇంకో సంగతి, ఎప్పుడూ చిన్న చిన్న దూరాలు, మెల్లగా, ఇంజిన్ వేడెక్కకుండానే తిరిగేవాళ్లు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తరచుగా చూడండి, ఆయిల్ తగ్గడం కాదు, పెరుగుతుంది. కాలని పెట్రోలు కిందికి దిగి అందులో కలుస్తుందన్నమాట. వాసన చూస్తే తెలిసిపోతుంది, మార్చేయడమే.

గేర్ ఆయిల్ మార్చడం మాత్రం ఈ ఇంజిన్లో ఇష్టంగా చేసుకునే పని. పై స్క్రూ, కింది స్క్రూ రెండూ చేతికి అందుతాయి. పాతది కింది నుంచి దించాలి, కొత్తది కూడా కింది రంధ్రంలోంచే పైకి ఎక్కించాలి, పై రంధ్రంలో బుడగలు లేకుండా ఆయిల్ కారేదాకా. పై నుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. వాషర్లు ప్రతిసారీ కొత్తవి వెయ్యాలి. దిగిన పాత ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉందంటే లోపలికి నీళ్లు వెళ్తున్నాయి, సీలు పోయింది. ఎక్కువసార్లు దొంగ ఎవరంటే చేపలు పట్టే నైలాన్ తీగ, ప్రొపెల్లర్ వెనక షాఫ్ట్‌కి చుట్టుకుని మెల్లగా సీలుని కోసేస్తుంది. కాబట్టి అప్పుడప్పుడూ ప్రొపెల్లర్ ఊడదీసి, చుట్టుకున్నది తీసేసి, షాఫ్ట్‌కి మెరైన్ గ్రీజు రాసి, కొత్త కాటర్ పిన్‌తో (నట్టు ఊడకుండా దూర్చే పిన్ను) బిగించండి. దానికి ముందు కిల్ స్విచ్ క్లిప్పు తీసి జేబులో వేసుకోవాలి.

ప్రొపెల్లర్ అన్నాను కాబట్టి ఒక మాట. ఇంజిన్‌తో వచ్చే ప్రొపెల్లర్ మీ బోటుకి సరైనదని అనుకోకండి. మామూలుగా తీసుకెళ్లే బరువుతో ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ దాని పరిధిలోకి, ఈ తరగతిలో ఎక్కువగా 5,000 నుంచి 6,000 ఆర్‌పీఎం మధ్యకి రావాలి. అంతకన్నా తక్కువ దగ్గర ఆగిపోతే ఇంజిన్ ఎప్పుడూ బరువు మోస్తూ ఈడుస్తున్నట్టు లెక్క, పిచ్ (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్క ప్రకారం ముందుకి పోయే దూరం) తగ్గించాలి, అంగుళం పిచ్ మారిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం తేడా వస్తుంది. ఇది చూడ్డానికి మీటరు కావాలి, అది మాత్రం ఇవ్వలేదు, విడిగా కొనుక్కోవాలి. మార్కులు కట్.

పెట్రోలు ట్యాంకు విడిగా వచ్చే రకం. నింపేటప్పుడు బోటులోంచి తీసి గట్టునో నేల మీదో పెట్టి నింపండి, ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి బోటు అడుగున చేరి నిప్పు కోసం కాచుకుని కూర్చుంటుంది. నడిపేటప్పుడు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరవడం మర్చిపోతే కొంత దూరం పోయాక ఇంజిన్ దగ్గి ఆగిపోతుంది, ప్రైమర్ బల్బు (పెట్రోలు పైపులో చేత్తో నొక్కే రబ్బరు ఉండ) చప్పగా అతుక్కుపోయి ఉంటుంది, సగం 'ఇంజిన్ ఫెయిల్' కథలు ఇవే. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని పీలుస్తుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీళ్లూ ఇథనాలూ విడిపోయి అడుక్కి దిగుతాయి, ఇంజిన్‌కి మొదట అందేది అదే. నీళ్లు వడకట్టే ఫిల్టర్ ఒకటి లైనులో వేసుకోండి, వాడని రోజుల్లో పాత పెట్రోలు ఉంచకండి. ఎంత పోసుకోవాలి అంటే పాత లెక్క, మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు గాలి ఎదురు తిరిగితే.

యానోడ్ గురించి కంపెనీకి ఒక పెద్ద మైనస్. ఇంజిన్ లోహానికి బదులు తాను కరిగిపోయే ఈ ముక్కని రెండు చోట్ల పెట్టారు, ఒకటి కనిపిస్తుంది, రెండోది బ్రాకెట్ అడుగున, పడుకుని చూస్తే తప్ప కనపడదు. సగం కరిగితే మార్చాలి, దాని మీద పెయింట్ వెయ్యకూడదు. ఉప్పు నీళ్లకి జింక్, ఉప్పూ తీపీ కలిసే చోట అల్యూమినియం, పూర్తి మంచినీళ్లకి మెగ్నీషియం.

బరువు యాభై కిలోల దరిదాపు, ఒక్కరే ఎత్తి బిగించే వస్తువు కాదు. బండిలో పడుకోబెట్టేటప్పుడు ఏ పక్కకి అన్నది ఇంజిన్ మీదే బొమ్మ వేసి ఉంటుంది, తప్పు పక్కకి పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లలోకి పోతుంది. ఆ బొమ్మ పెద్దగా, స్పష్టంగా వేశారు, ఇక్కడ మెచ్చుకోవాలి. వెనక పలకకి బిగించే మరలు అదురుకి వదులవుతాయి, బయల్దేరే ముందు ఒకసారి తిప్పి చూడండి, గొలుసో స్టీలు తీగో వేసి పలకకి కట్టి ఉంచండి.

నడపడంలో ఇబ్బంది ఒక్కటే. ఇంజిన్, నడిపేవాడు, ట్యాంకు అందరూ వెనకే ఉంటారు కాబట్టి స్పీడు అందుకునేటప్పుడు ముక్కు పైకి లేచి ఎదురేముందో కనపడదు. ట్యాంకు ముందుకి జరిపి, మనుషుల్ని మధ్యలో కూర్చోబెడితే చాలావరకు పోతుంది. కుడివైపు నుంచి దారికి అడ్డంగా వచ్చే మోటారు పడవకి మనమే దారి ఇవ్వాలి, ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిప్పాలి. సముద్రంలో పడవలు ఢీకొనకుండా చేసిన 1972 అంతర్జాతీయ నిబంధనలు ఇలాంటి చిన్న బోట్లకీ వర్తిస్తాయి, ముక్కు లేచి కనపడకపోవడం అక్కడ సాకు కాదు. లైఫ్ జాకెట్ మీద ఉపన్యాసం ఇవ్వను, సీటు కింద పెట్టిన జాకెట్ నీళ్లలో పడ్డాక వేసుకోవడం ఎంత కష్టమో ఒకసారి లోతు తక్కువ చోట ప్రయత్నించి చూడండి.

కొనొచ్చా? కొనొచ్చు, కానీ షాపులో మూత తీయించండి. ఆయిల్ ఫిల్టర్ మీద చెయ్యి పెట్టి చూడండి, ప్లగ్గుకి పానా పడుతుందో లేదో చూడండి, ఫ్లష్ ఎలా చెయ్యాలో అమ్మేవాడినే చేసి చూపించమనండి. అతను తడబడితే రేపు సర్వీసు కూడా అంతే. ఇంకో విషయం, చాలా కంపెనీల్లో 15, 20 హార్స్‌పవర్ రెండూ ఒకే ఇంజిన్ దిమ్మ మీద చేసినవి, బరువులో తేడా ఉండదు. 'అయితే 20 తీసుకోండి' అని షాపువాళ్లు అంటారు. ముందు మీ బోటు మీదున్న సామర్థ్యపు పలక చూడండి, అక్కడ గరిష్ఠం 15 అని రాసి ఉంటే 15 మాత్రమే తీసుకోండి.