గ్రాండ్ సీకో హై-బీట్ జీఎంటీ: ఏళ్ళ తరబడి వాడాక చెప్తున్నా

మోడల్ ఎస్‌బీజీజే201. డాలస్‌లో ఉంటా, కొన్నప్పట్నుంచి దాదాపు రోజూ ఈ జపాన్ వాచీయే చేతికి, కాబట్టి కొత్త మోజులో రాస్తున్న రివ్యూ కాదిది. జపాన్ పనితనం అనగానే అందరూ డయల్ ఫొటోలు పెడతారు గానీ నాకు ఇందులో అసలు గొప్పగా అనిపించింది టైమ్ తేడా రోజూ ఒకేలా ఉండటం. రోజుకి రెండు మూడు సెకన్లు ఫాస్ట్, బయట ఎండలో తిరిగినా ఏసీ ఆఫీసులో కూర్చున్నా అంతే, ఒకరోజు ప్లస్ పది ఇంకోరోజు మైనస్ ఐదు అనే గోల లేదు. తేడా ఎంతో ముందే తెలిస్తే మనమే సర్దుకోవచ్చు కదా. రాత్రి డయల్ పైకి పెడితే నాది కాస్త ఫాస్ట్ వెళ్తుంది, పక్కనుండే కీ పైకి వచ్చేలా నిలబెడితే కాస్త స్లో, అలా మార్చి మార్చి పెడుతూ వారమంతా ఫోన్ టైమ్‌కి దగ్గర్లోనే ఉంచుతున్నా.

ఇది ఊరికే రాలేదు. ఇవాటే ప్రాంతంలో షిజుకుయిషి అని ఊరు, అక్కడ మూవ్‌మెంట్‌ని, అంటే లోపలి యంత్రాన్ని, చేత్తో బిగిస్తారు, టైమ్‌ని అదుపులో ఉంచే హెయిర్‌స్ప్రింగ్ అనే సన్నని స్ప్రింగ్ వంపు కూడా పట్టకారుతో చేత్తోనే సరిచేస్తారు, ఆ తర్వాత 17 రోజుల పరీక్ష, ఆరు పొజిషన్లలో, మూడు టెంపరేచర్లలో. కచ్చితంగా నడిచే వాచీలకి స్విస్ వాళ్ళు పెట్టే క్రోనోమీటర్ పరీక్ష 15 రోజులు, ఐదు పొజిషన్లు. వీళ్ళు అదనంగా చూసేది 12 అంకె పైకి ఉండే పొజిషన్, అంటే వాచీని స్టాండ్‌కి తగిలిస్తే ఎలా ఉంటుందో అది.

లోపల ఉన్న మూవ్‌మెంట్ పేరు 9ఎస్86, గంటకి 36,000 బీట్లు, అంటే టిక్కులు, సెకనుకి పది. బీట్లు ఎక్కువైతే చెయ్యి విదిలించినా రేటు తొందరగా కుదురుకుంటుంది, కానీ అరుగుదల ఎక్కువ, ఆయిల్ త్వరగా చెదిరిపోతుంది. అందుకే ప్రతి టిక్కుకీ ఒక్కో పన్ను కదిలే ఎస్కేప్ వీల్ అనే చక్రాన్ని మెషీన్‌తో కోయకుండా కంప్యూటర్ చిప్పులు చేసే పద్ధతిలో తయారుచేసి, పళ్ళ చివర ఆయిల్ నిలవడానికి చిన్న మెట్టు పెట్టారు, ఆ సైజులో మెట్టు ఏంటసలు! ఇంత చేసినా పవర్ రిజర్వ్, అంటే చేతికి లేకుండా నడిచే టైమ్, 55 గంటలే, వీళ్ళదే 28,800 బీట్ల 9ఎస్65 అయితే 72. శుక్రవారం సాయంత్రం తీసి పక్కన పెడితే సోమవారం పొద్దున మళ్ళీ కీ ఇవ్వాల్సిందే.

జీఎంటీ అంటే రెండో ఊరి టైమ్ చూపే అదనపు ముల్లు, ఇందులో అది నీలం ముల్లు, నాకది ఇండియా టైమ్‌కి. విజయవాడలో అమ్మకి ఫోన్ చేసేముందు దాన్నే చూస్తా. ఒకటి తెలుసుకుని కొనండి, నిమిషాల ముల్లు ఒక్కటే కాబట్టి మన అరగంట తేడా ఇందులో కనపడదు, నీలం ముల్లు చెప్పినదానికి మనసులో అరగంట కలుపుకోవాలి. మార్చిలో, నవంబర్‌లో ఇక్కడ టైమ్ మారినప్పుడు మాత్రం భలే సుఖం, సెకన్ల ముల్లు ఆగకుండా గంటల ముల్లు ఒక్కటే టక్కుమని జరుగుతుంది.

కేస్ 1967లో వీళ్ళే చేసిన 44జీఎస్ వాచీ స్టైల్, దాని మీద జరట్సు అనే అద్దంలాంటి పాలిష్. తిరిగే పలకకి కేస్‌ని చేత్తో ఆనించి పట్టుకుని చేసే పని, ఒత్తిడి కాస్త మారినా ఉపరితలం అల తిరుగుతుంది. ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూడండి, పక్క తలం మీద లైటు గీత గీసినట్టు తిన్నగా కనపడుతుంది, అంచు దగ్గర కూడా వంగదు. డయల్ మీద ఇవాటే కొండ గట్లలా నడుమ నుంచి బయటకి పాకే సన్నని గీతలు, నీడలో మామూలు వెండి రంగే, ఎండ పడితేనే లేస్తాయి. రేడియం లేదు, అయినా ముళ్ళకి తీసిన పదునైన తలాలు ఏ కాస్త వెలుతురున్నా పట్టుకుంటాయి, సినిమా హాల్లో కూడా టైమ్ చూసుకుంటున్నా.

మందం 14 మిల్లీమీటర్లు, సన్న మణికట్టు వాళ్ళు పెట్టుకుని చూశాకే కొనండి. గీతలు కూడా తొందరగా కనపడతాయి, నాకు ఇక్కడో రిపేర్ షాపులో బ్రేస్‌లెట్ లింక్ తీయించినప్పుడే ఒకటి పడింది, చాలా బాధేసింది. అయినా సర్వీస్‌కి పంపినప్పుడు పాలిష్ వద్దని రాసిచ్చా, ప్రతి పాలిష్‌కి కొంచెం మెటల్ పోతుంది, ఆ అంచుల పదును తగ్గితే నేను డబ్బులు పెట్టిందే పోయినట్టు.