నా వీపు నేనే చూసుకున్న పది నిమిషాలు: ఓరియంటేషన్ కోర్సు, పధ్నాలుగేళ్ల తర్వాత

ఓరియంటేషన్ కోర్సు అంటే కాలేజీ, యూనివర్సిటీ టీచర్లకు పెట్టే శిక్షణ. దాని గురించి వాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ఎన్ని రోజులు, ఏ ప్రమోషన్‌కి ఏ సర్టిఫికెట్ కావాలి అన్నవి ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ ఎవరో ఒకరికి కంఠతా వచ్చే ఉంటాయి. నేను 2011లో చేశాను, నాలుగు వారాలు హాస్టల్లో ఉండి. ఆ కోర్సు నడిపే కేంద్రాన్ని అప్పుడు అకడమిక్ స్టాఫ్ కాలేజీ అనేవారు. తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రం అన్నారు, 2023 నుంచి మాలవీయ మిషన్ అంటున్నారు. మా స్టాఫ్‌రూమ్‌లో మాత్రం ఇప్పటికీ స్టాఫ్ కాలేజీయే.

ఆ నాలుగు వారాల్లో నాకు గుర్తున్నవి మూడే. రోజూ పొద్దున పెట్టిన ఉప్మా, గొంతు డాక్టరు గారి క్లాసు, ఒక పది నిమిషాల వీడియో. ఈ సమీక్షంతా ఆ వీడియో గురించే అనుకోండి.

నాది లెక్కల సబ్జెక్టు. అప్పటికి నాలుగేళ్ల సర్వీసు. పాఠం చెప్పడం నాకు వచ్చనే గట్టి నమ్మకం. క్లాసులో అల్లరి ఉండేది కాదు, అంతా గమ్మున రాసుకునేవారు. అది మంచి లక్షణమే అనుకునేదాన్ని. ఓరియంటేషన్‌లో అన్ని సబ్జెక్టులవాళ్లనూ కలిపి కూర్చోబెడతారు కదా, మా బ్యాచ్‌లో బాటనీ, కామర్స్, సోషియాలజీ, ఇంజనీరింగ్ అందరూ ఉన్నారు. నా రూమ్మేట్ తెలుగు మేడమ్, నాకంటే పదేళ్లు పెద్ద.

రెండో వారం మైక్రో టీచింగ్ పెట్టారు. తలా పది నిమిషాలు, తోటివాళ్లే విద్యార్థులు, వెనకాల ట్రైపాడ్ మీద హ్యాండీక్యామ్. భోజనాలయ్యాక ఆ రికార్డింగుని టీవీలో వేసి అందరి ముందూ చూపిస్తారు, తలో మాటా అంటారు, మర్నాడు అదే పాఠం మళ్లీ చెప్పాలి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 1960లలో మొదలైన పద్ధతి ఇది. బీఎడ్ చేసినవాళ్లకి కొత్తేం కాదు. కానీ డిగ్రీ, పీజీ చెప్పే మాలో బీఎడ్ చేసినవాళ్లు ఎంతమంది? పరిశోధన చేసి, ఆర్డరు పట్టుకుని నేరుగా క్లాసులోకి వచ్చినవాళ్లమే ఎక్కువ.

నేను లిమిట్ అంటే ఏమిటో చెప్పాను. బాగా చెప్పాననుకుని వెళ్లి భోంచేశాను.

టీవీలో కనిపించింది పాఠం కాదు, నా వీపు. పదిలో ఏడు నిమిషాలు వీపే. కుడి చేత్తో రాస్తున్నాను, ఎడమ చేత్తో పైలైను చెరిపేస్తున్నాను. ఆ లైను ఎవరైనా రాసుకున్నారా లేదా అని వెనక్కి తిరిగి చూసింది లేదు. తిరిగినప్పుడు కూడా కళ్లు మనుషుల మీద లేవు, ఫ్యాను మీద ఉన్నాయి. ప్రతి రెండు వాక్యాలకీ "ఓకేనా?" అంటున్నాను. ఎవరూ ఓకే అనకముందే ముందుకెళ్లిపోతున్నాను. కామర్స్ ఆయన కాగితం మీద గీతలు పెట్టి మరీ లెక్కించాడు, ఇరవై మూడు "ఓకేనా"లు. బాటనీ సార్ మెల్లగా, "మేడమ్, పాఠం బోర్డుకి బాగా అర్థమైంది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి మెస్సుకి వెళ్లలేదు.

తెలుగు మేడమ్ స్టీలు డబ్బాలో పెరుగన్నం తెచ్చి నా మంచం మీద పెట్టింది. ఓదార్చలేదు. "నువ్వు ప్రశ్న అడిగి జవాబు కూడా నువ్వే చెప్పేస్తున్నావమ్మా. వాళ్లకి చోటెక్కడిచ్చావు? రేపు ప్రశ్న అడిగాక చెయ్యి వెనక్కి పెట్టుకుని ఐదు వేళ్లూ లెక్కపెట్టు. అందాకా నోరు తెరవకు" అంది.

దీని మీద పెద్ద పరిశోధనే ఉందని తర్వాత తెలిసింది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970లలోనే తేల్చిందట: టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది సుమారు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లు చేస్తే చాలు, జవాబుల పొడవు పెరుగుతుంది, మాట్లాడే పిల్లలు పెరుగుతారు. తెలుగు మేడమ్‌కి ఆ పేరు తెలిసి ఉంటుందనుకోను. ఆవిడ ఐదు వేళ్లు అంది, నేను ఐదే పట్టుకున్నాను.

ఊరికి తిరిగొచ్చాక బీఎస్సీ రెండో సంవత్సరం క్లాసులో అడిగాను: కంటిన్యువస్ ఫంక్షన్లన్నీ డిఫరెన్షియబులేనా? అంటే, గీత ఎక్కడా తెగకపోతే ప్రతి బిందువు దగ్గరా దాని వాలు చెప్పగలమా అని. బొటనవేలు, చూపుడువేలు. నిశ్శబ్దం. మధ్యవేలు దగ్గరికొచ్చేసరికి నోట్లో మాట కొట్టుకుంటోంది, పళ్లు బిగపట్టుకున్నాను. చిటికెనవేలు అయిపోయాక కిటికీ పక్క చివరి బెంచీలోంచి, "మోడ్ ఎక్స్, మేడమ్. సున్నా దగ్గర కాదు" అని వినిపించింది. సరైన జవాబే, ఆ గీత సున్నా దగ్గర V లా విరుగుతుంది. ఏడాదిన్నరగా హాజరు పలకడానికి తప్ప నోరెత్తని అమ్మాయి. ఆ రోజు సాయంత్రం తెలుగు మేడమ్‌కి ఫోన్ చేసి పది నిమిషాలు అదే చెప్పాను.

గొంతు క్లాసు కూడా పనికొచ్చింది. అస్తమానం గొంతు సవరించుకోవద్దు, గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే ఇంకా శ్రమ, నీళ్లు దగ్గర పెట్టుకోండి అన్నారు. టీచర్ల స్వరతంత్రులకి కాయలు కాయడం మామూలేనట. నేను అప్పటినుంచి సీసా లేకుండా క్లాసుకి వెళ్లలేదు. పొద్దున ఆరింటి యోగా గురించి మాత్రం నన్నడక్కండి, సంతకం పెట్టి వెనక వరసలో కునుకు తీశాను.

కొన్నేళ్లపాటు కనిపించినవాళ్లందరికీ ఈ కోర్సు గురించి పొగిడాను. ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. ఆ వీడియో ప్రభావం నాలుగైదేళ్లే బాగా ఉంది. సెమిస్టర్లు వచ్చి సిలబస్ పరుగు మొదలయ్యాక, కాలేజీలకి గ్రేడిచ్చే న్యాక్ సంస్థ కోసం తయారుచేసే ఫైళ్లు నెత్తిన పడ్డాక, నేను మళ్లీ బోర్డు వైపు తిరిగిపోయాను. మళ్లీ చూసుకుందామంటే వాళ్లిచ్చిన సీడీ చదవడం మానేసింది. నాలుగు వారాలు చెప్పినవాళ్లు ఆ తర్వాత ఒక్కసారైనా "క్లాసులో ఎలా ఉంది" అని అడగలేదు. ప్రమోషన్ ఇంటర్వ్యూలోనూ సర్టిఫికెట్ మీద తేదీ చూశారు, అంతే.

ఇంకో సంగతి. నేను వెళ్లేనాటికి మా పాపకి నాలుగేళ్లు. అమ్మ మా ఊళ్లోనే ఉంది కాబట్టి వెళ్లగలిగాను. మూడో వారంలో పాపకి నాలుగు రోజులు జ్వరమొస్తే నాకు చెప్పలేదు, తిరిగొచ్చాక మందుల చీటీ చూసి తెలుసుకున్నాను. ఆ కోర్సు బాగుందని రాస్తున్నప్పుడల్లా ఆ చీటీ గుర్తొస్తుంది.

అందుకే ఆన్‌లైన్ కోర్సుల్ని తిట్టాలన్నా నోరు రాదు. రెండేళ్ల క్రితం రెండు వారాల రిఫ్రెషర్ కోర్సు ఆన్‌లైన్‌లో చేశాను, ఏ కేంద్రమో చెప్పను. ఇల్లు కదలక్కర్లేదు, అది నిజంగా సుఖమే. కానీ రోజుకి రెండుసార్లు చాట్‌లో హాజరు లింకు పడుతుంది, పది నిమిషాల్లో నింపాలి. ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అన్న క్లాసు జరిగిన రోజు నాకు పరీక్షల ఇన్విజిలేషన్ డ్యూటీ పడింది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్‌తో వరండాలో నిలబడి ఎక్కడ లింకు తప్పిపోతుందో అని పడ్డ టెన్షన్ ఆ నెలంతటిలో అదే పెద్దది. మైక్రో టీచింగ్ బదులు వీడియో తీసి అప్‌లోడ్ చేయమన్నారు. చేశాను, "ఎ" గ్రేడే వచ్చింది. ఆ వీడియో చూసినవాళ్ల సంఖ్య ఒకటే చూపిస్తోంది, ఆ ఒకటీ నేనే.

మరి వెళ్లమంటారా అని మా డిపార్ట్‌మెంట్లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. ఆమెకి ఆరు నెలల బాబు, అత్తగారిది వేరే ఊరు. నాలా వెళ్లిపో అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీకైతే అసలు ఏ సలహా ఇవ్వాలో తెలియదు, వారం రాకపోతే వారం జీతం పోతుంది. ఇంట్లో చూసుకునే మనిషి ఉండి, షెడ్యూల్లో కెమెరాతో మైక్రో టీచింగ్ ఉందని ఫోన్ చేసి కనుక్కుని, అప్పుడు నేరుగా వెళ్లమంటాను. లేకపోతే ఆన్‌లైన్‌లో కానిచ్చేయమన్నాను, వీడియో సంగతి మనం చూసుకుందామని.

పోయిన నెల చూసుకున్నాం. నా క్లాసులో చివరి బెంచీ మీద నీళ్ల సీసాకి ఫోన్ ఆనించి ఆమె కూర్చుంది, ఆమె క్లాసులో నేను కూర్చున్నాను. సాయంత్రం టీ తాగుతూ ఇద్దరం చూశాం. నా "ఓకేనా"లు తొమ్మిదికి దిగాయి. బోర్డు మీద పైలైను మాత్రం ఇంకా చెరిపేస్తూనే ఉన్నాను.