బీటిల్స్ 'రివాల్వర్' బాక్స్ సెట్: రింగోకి రావాల్సిన పేరు ఇందులో ఉంది

నేను పెళ్లి ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్, ప్యాడ్స్ వాయిస్తాను. అందుకే 1960ల ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ పాట ఏది విన్నా నా చెవి ముందు వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ దగ్గరికే పోతుంది. 'రింగోది ఒట్టి అదృష్టం' అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. బీటిల్స్‌లోనే అతను బెస్ట్ డ్రమ్మర్ కాదని బ్యాండ్‌లో తోటివాడు జాన్ లెనన్ అన్నాడని ఒక మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. జాన్ అలా అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. అతను పోయాక, 1981లో, బ్రిటన్‌లో ఒక రేడియో కామెడీలో వచ్చిన జోకు అది. పాపం రింగో, ఆ జోకు అతని మెడకి చుట్టుకుని అలాగే ఉండిపోయింది.

డాలస్ నుంచి మా బావ తెచ్చిన, వాళ్ల 1966 ఆల్బమ్ 'రివాల్వర్' పెద్ద బాక్స్ సెట్ వింటే ఆ జోకు ఇంకెవరి నోటా రాదు. 2022 అక్టోబర్‌లో వచ్చింది ఇది. ఐదు సీడీలు, వంద పేజీల గట్టి అట్ట పుస్తకం. మన డబ్బుల్లో పదివేలు దాటింది. ఆల్బమ్ కొత్త మిక్స్, అప్పటి మోనో మిక్స్ (రెండు చెవులకీ ఒకే శబ్దం), రెండు సీడీల నిండా రిహార్సల్ టేకులు, వాటితోపాటు 'పేపర్‌బ్యాక్ రైటర్', 'రెయిన్' పాటల చిన్న సీడీ ఒకటి.

నేను ముందు పెట్టుకున్నది 'రెయిన్'. 1966లో సింగిల్‌గా వచ్చినప్పుడు జనం విన్నది నెమ్మది చేసిన టేపు. స్టూడియోలో ఆ ట్రాక్‌ని చాలా స్పీడుగా వాయించి, తర్వాత టేపు వేగం తగ్గించారు. ఈ సెట్‌లో ఐదో టేక్‌ని వాయించిన స్పీడులోనే ఇచ్చారు. ఆ స్పీడులో స్నేర్ మీద, హైహ్యాట్ మీద రింగో చెయ్యి పోతున్న తీరు విని నేను కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. ప్రతి లైను చివరా ఒక రోల్, ఏదీ ముందుదానిలా ఉండదు, తాళం మాత్రం వెంట్రుకవాసి కూడా జారదు. రింగోది ఎడమచేతి వాటం, కిట్ మాత్రం కుడిచేతి వాళ్లకి పెట్టినట్టే ఉంటుంది. అందుకే అతని రోల్స్ మనం అనుకున్న చోట మొదలవ్వవు, అనుకున్న చోటికి పోవు. నేను వాటిని ప్యాడ్స్ మీద తీద్దామని కూర్చుంటే రెండు చేతులూ అడ్డం పడ్డాయి.

ఇన్నాళ్లూ ఇదంతా చెవికి సరిగ్గా అందకపోవడానికి కారణం ఉంది. అప్పట్లో నాలుగు ట్రాకుల టేపు మీదే, అంటే శబ్దాల్ని విడిగా పట్టే నాలుగు వరుసల మీదే, రికార్డింగ్ అంతా. 'ట్యాక్స్‌మ్యాన్'లో డ్రమ్స్, బాస్, గిటార్ మూడూ కలిసి ఒకే ట్రాక్‌లో ఇరుక్కున్నాయి. పాత స్టీరియోలో ఆ మూడూ ఒక చెవిలోనే మోగేవి. సినిమా డైరెక్టర్ పీటర్ జాక్సన్ టీమ్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ఆ ముద్దని విడదీసింది. బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్ కొడుకు గైల్స్ మార్టిన్ దాంతో కొత్త మిక్స్ చేశాడు. ఇప్పుడు కాలితో వాయించే కిక్ డ్రమ్ గుండెకి తగులుతుంది. ఆ శబ్దం వెనక ఇంజినీర్ జెఫ్ ఎమరిక్ ఉన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు. కిక్ డ్రమ్‌లో ఉన్ని స్వెటర్ కుక్కి, మైకుని బాగా దగ్గరికి జరిపాడు. డ్రమ్మర్ పేరు ఇలాంటి కుర్రాళ్ల చేతుల్లో కూడా ఉంటుందని మా ఫీల్డ్ వాళ్లకి తెలుసు.

మిగతా ముగ్గురి సంగతి చూద్దాం. 'ట్యాక్స్‌మ్యాన్' జార్జ్ హారిసన్ రాసి పాడిన పాట. అందులో ఆ పదునైన గిటార్ సోలో మాత్రం పాల్ మెకార్ట్నీది. సుకుమారమైన ప్రేమ పాటలవాడు అని ఒకప్పుడు పాల్‌ని తేలిగ్గా తీసేసేవాళ్లు. 1980 డిసెంబర్‌లో జాన్ హత్య జరిగాక అది ఇంకా ఎక్కువైంది: జాన్ మేధావి, పాల్ మెలోడీవాడు. మరి 'టుమారో నెవర్ నోస్' జాన్ పాటే గానీ, అందులో పక్షుల అరుపుల్లా వినిపించే ఆ టేప్ లూపుల (చుట్టలా అతికించి మళ్లీ మళ్లీ తిప్పే టేపు ముక్కల) ఆలోచన తెచ్చింది పాల్. ఆ పాట పేరేమో రింగో నోటినుంచి వచ్చిన మాట. ఎవరిది ఎంత అని గీత గీద్దామంటే ఎక్కడ గీస్తాం?

దీనికి అటువైపు కూడా ఉంది. 'ఎల్లో సబ్‌మెరైన్' అంటే పాల్ పిల్లల కోసం సరదాగా కట్టిన పాటనే అందరి లెక్క. ఈ సెట్‌లో దాని మొదటి టేపు ఉంది. జాన్ ఒక్కడే గిటార్ పట్టుకుని, తను పుట్టిన చోట తనని ఎవరూ పట్టించుకోలేదని దిగులుగా పాడుకుంటున్నాడు. నాకు గొంతు పట్టేసింది. జాన్ పెద్దమ్మ దగ్గర పెరిగినవాడు. తల్లి జూలియా 1958లో కారు కింద పడి చనిపోయింది. తర్వాతి టేపులో పాల్ పక్కన చేరతాడు, పాట మెల్లగా వెలుతురులోకి వస్తుంది. ఈ రెండు ట్రాకులకే నేను సగం డబ్బు ఇచ్చేస్తాను.

జార్జ్ కథ అన్నిటికన్నా పెద్ద మలుపు. ఒక ఆల్బమ్‌లో అతనివి మూడు పాటలు రావడం ఇదే మొదలు. 'ఐ వాంట్ టు టెల్ యు' మొదలుపెట్టే ముందు మాటలు ఇందులో ఉన్నాయి. పాట పేరేంటని ప్రొడ్యూసర్ మార్టిన్ అడుగుతాడు. తెలీదంటాడు జార్జ్. నీ పాటల్లో దేనికీ పేరుండదు కదా అని జాన్ అందుకుని, 'గ్రానీ స్మిత్ పార్ట్ టూ' అని ఆట పట్టిస్తాడు. జార్జ్ అంతకుముందు చేసిన సితార్, తబలా పాటకి పనిపేరు ఒక యాపిల్ రకానిది, అదీ సంగతి. చిన్న తమ్ముణ్ణి ఆడుకున్నట్టే ఉంటుంది. ఆ తమ్ముడు రాసిన 'హియర్ కమ్స్ ద సన్' ఇవాళ స్పాటిఫైలో వంద కోట్ల సార్లు దాటిన మొదటి బీటిల్స్ పాట.

పుస్తకం బాగుంది. డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ రాసిన వ్యాసం ఉంది, ముందుమాట పాల్‌ది. ఈ ఆల్బమ్ అమెరికాలో ఎలా వచ్చిందో గుర్తుంచుకుని చదివితే ఇంకా బాగుంటుంది. అక్కడి కంపెనీ జాన్ పాటలు మూడు ముందే వేరే రికార్డులో వాడేసుకుంది. అమెరికా 'రివాల్వర్'లో పద్నాలుగుకి బదులు పదకొండే మిగిలాయి. అందులో జార్జ్‌వి మూడు, జాన్‌వి రెండే! 1987లో సీడీ వచ్చేదాకా అక్కడి కుర్రాళ్లు ఆ లెక్కతోనే పెరిగారు.

లోపాలు రెండు. చిన్న సీడీలో ఉన్నవి నాలుగే ట్రాకులు, దానికి విడిగా ఒక డిస్క్ అనవసరం. శబ్దం చుట్టూ అన్నివైపుల నుంచీ వినిపించే డాల్బీ అట్మాస్ మిక్స్ చేశారు గానీ అది స్ట్రీమింగ్‌లోనే ఉంది. ఇంతకుముందు వచ్చిన పెద్ద సెట్లలో బ్లూ-రే ఇచ్చారు, ఇందులో లేదు. ఇంత ధర పెట్టి కొన్నవాళ్లకి అది ఇవ్వాల్సింది.

కొనాలా వద్దా అంటే, ట్రాకులన్నీ స్ట్రీమింగ్‌లో ఉన్నాయి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముందు 'రెయిన్' ఐదో టేక్, తర్వాత 'ఎల్లో సబ్‌మెరైన్' టేపులు రెండూ వినండి. అవి విన్నాక కూడా పుస్తకం చేతిలో పట్టుకోవాలనిపిస్తే సీడీల సెట్ తీసుకోండి. డ్రమ్స్ నేర్చుకునేవాళ్లయితే మోనో డిస్క్ కూడా వదలొద్దు.