నెల్లూరు వాళ్లకు ఏ రైలు మ్యూజియం: చెన్నైయా, ఢిల్లీయా?

పిల్లలకు ఆవిరి ఇంజన్ చూపించాలంటే మనకు దగ్గరిది చెన్నై. 2002లో తెరిచిన ఆ మ్యూజియం ఐసీఎఫ్ రైలు పెట్టెల కర్మాగారం పక్కనే ఉంది. నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్లు, ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. అక్కడ ఊటీ కొండరైలు ఇంజన్ దగ్గర తప్పక ఆగండి. 12 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు పెరిగే దారి అది. మామూలు చక్రాలు జారిపోతాయి కాబట్టి పట్టాల నడుమ పళ్లున్న ఇనుప కమ్మీ వేశారు. ఇంజన్ కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని పైకి ఎక్కుతుంది.

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం 1977 నాటిది, చాలా పెద్దది. ప్రయాణమే దాదాపు రోజున్నర. అయినా పటియాలా మోనోరైలు కోసం వెళ్లాలనే అంటాను. రోడ్డు పక్కన ఒకే ఒక్క పట్టా. దాదాపు బరువంతా దాని మీదే. పడిపోకుండా పక్కన ఒక పెద్ద ఇనుప చక్రం రోడ్డు మీద దొర్లుతుంది! 1907లో మొదలైన ఆ లైను 1927లో మూతపడింది. పెట్టెలను ఎక్కువగా కంచరగాడిదలే లాగేవి.

పదేళ్ల లోపు పిల్లలుంటే చెన్నైకే వెళ్లండి. ఇంజన్ల పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం ఢిల్లీని వదులుకోవద్దు.