బందరులో ఒక రాత్రి ఉండండి

విజయవాడ నుంచి బందరు, అంటే మచిలీపట్నం, దాదాపు 70 కిలోమీటర్లే. అందుకే చాలామంది పొద్దున్నే వచ్చి, మంగినపూడి బీచ్‌లో మునిగి, లడ్డూ కొనుక్కుని సాయంత్రం బస్సెక్కేస్తారు. మేమూ రెండుసార్లు అలాగే చేశాం. ఈసారి రెండు రోజులు ఉన్నాకే ఊరు తెలిసింది.

పారసీలో బందరు అంటేనే రేవు. గోల్కొండ సుల్తానులకు ఇదే ముఖ్యమైన రేవు. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషు కంపెనీ వచ్చింది, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు. వాళ్ల గుర్తులు ఎక్కువగా పేటల పేర్లలోనే మిగిలాయి: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఆటోలో ఆ పేర్లు చెబుతుంటే ఒళ్లు పులకరించింది.

బందరుకోటలో పెద్ద బురుజులు ఉంటాయనుకుని వెళ్లకండి. మిగిలినవి కొన్ని పాత కట్టడాలు, మొండి గోడలు. మాకు దగ్గర్లో తాగునీళ్లు కూడా దొరకలేదు. అయినా వెళ్లాలనే అంటాను. 1864 నవంబరు 1 రాత్రి తుఫానుకు సముద్రం ఊరి మీదికి వచ్చి సుమారు 30 వేల మందిని బలి తీసుకుంది. అది తలుచుకుంటూ ఆ గోడల దగ్గర ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

బస మాత్రం నిరాశపరిచింది. బస్టాండుకు దగ్గరని ఒక లాడ్జిలో దిగాం. ఏసీ పనిచేయలేదు, గది మార్చమంటే రాత్రి పదింటి దాకా తిప్పారు. పిల్లలతో వెళ్లేవాళ్లు గది చూశాకే డబ్బులు కట్టండి.

రెండో రోజు పూర్తిగా బందరు పక్కనున్న పెడన ఊరికే ఇచ్చాం. కలంకారీ అద్దకం చూడాలంటే అక్కడికే వెళ్లాలి. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద చెక్క అచ్చులతో అద్దుతారు. నలుపు కోసం తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో నానబెడతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, తర్వాత రంగు నీళ్లలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. ఒక పెద్దాయన అచ్చు పక్కన అచ్చు వేస్తుంటే అతుకు ఎక్కడుందో నేను వెతికినా దొరకలేదు. స్క్రీన్ ప్రింట్లను కూడా కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు కాబట్టి అద్దేచోటే కొనండి. ధర ఎక్కువే, నేను బేరం ఆడలేదు.

చిలకలపూడి పాండురంగడి గుడి, రోల్డుగోల్డు దుకాణాలు ఒక పూటలో అయిపోతాయి. బీచ్ లోతు తక్కువ, పిల్లలకు బాగుంటుంది. సెలవు రోజుల్లో మాత్రం రద్దీ.

లడ్డూ కొనేటప్పుడు తొక్కుడు లడ్డూ అని అడగండి. శనగపిండి జంతికలను దంచి, బెల్లం పాకం, నెయ్యి కలిపి చేసేది అదే. వెచ్చగా ఉన్నప్పుడు ఒకటి అక్కడే తినేయండి.